రేపటి ఊపులు

లూయిస్ దీవిలో శనివారం పొద్దు వాలేవేళ
మా నాన్న ఐవర్, పార్కులో ఊయలలకు గొలుసు చుట్టి
తాళం వేసేవాడు.
కౌన్సిల్ వాళ్ళిచ్చిన పని. దేవుడిచ్చిందనుకునేవాడు.
ఆదివారానికి బంగాళాదుంపలు ముందురోజే చెక్కు తీసి,
నీళ్ళు ముందురోజే పట్టి,
కోడిపుంజును బుట్టకింద మూసేసేదట మా నాయనమ్మ,
పెట్టల జోలికి పోకుండా.
పాపం, దానికీ ఆదివారమే.

తాళం వేసేముందు నన్ను ఊయలెక్కించి ఊపేవాడు,
చీకటి నా బూట్ల దాకా వచ్చేంతవరకు.
"రేపటివి కూడా ఇవాళే ఊగేసెయ్, మర్డీనా."
వీపు మీద ఆ అరచెయ్యి ఇంకా ఉంది.

"చిన్నప్పుడే నీకు నూరిపోశారు" అన్నాడు
గ్లాస్గోలో నేను పెళ్ళాడినవాడు.
నిజమే. ఎక్కాలకంటే ముందే నరకం వచ్చేసింది నాకు.
కానీ నూరే రాయి ఒకటే కదా,
మందుకైనా, విషానికైనా.
తాగే బిడ్డ నాలుకకు తెలిసేది చేదు ఒక్కటే.

మొక్కగా ఉన్నప్పుడే వంచాలంటారు.
మా దీవిలో చెట్లే అంతంతమాత్రం.
ఉన్న నాలుగూ తూర్పుకే ఒరిగి ఉంటాయి.
వాటిని ఎవరూ పనిగట్టుకుని వంచలేదు.

రోరీ సంగతి చెప్పాలి.
మా తమ్ముడు. ఎనిమిదేళ్ళప్పుడు
మేకుకు వేలాడే నాన్న కోటులోంచి తాళంచెవి కాజేసి
ఒక ఆదివారం, ఊరంతా చర్చిలో ఉండగా,
నిలబడి ఊగాడు. ఆకాశం అందేంత.
మంగళవారం మా చిన్నాన్న పడవ తిరిగి రాలేదు.

నీ వల్లే అని వాణ్ణి ఎవరూ అనలేదు.
నీ వల్ల కాదని కూడా ఎవరూ అనలేదు.
ఇప్పుడు వాడికి యాభై రెండు. ఆస్ట్రేలియాలో ఉంటాడు.
శనివారం రాత్రుళ్ళు నిద్రపోడు.

అందుకే మా ఊనాకు నేనేమీ పొయ్యలేదు.
పెద్దయ్యాక నువ్వే ఎంచుకో అన్నాను,
ఖాళీ పళ్ళెం ముందుపెట్టి
నచ్చింది తినమన్నట్టు.

నాన్న పోయిన శుక్రవారం
చర్చిలో ఒక ముసలాయన గేలిక్‌లో కీర్తన ఎత్తుకున్నాడు.
ఒక్కో పాదం ఆయన విడుస్తుంటే
వెనక జనమంతా అలలా లేచి అందుకోవడం.
నమ్మకం పోయి ముప్పై ఏళ్ళు. గొంతు నన్నడగలేదు.
అక్షరం పొల్లు పోకుండా పాడేశాను.
పక్కన ఊనా, పెదాలు బిగించి,
నిద్రలో మాట్లాడే మనిషిని చూసినట్టు నన్నే చూస్తోంది.

"ఇది నాకెందుకు దాచావు?"
"అది ఒట్టి పాట కాదే."
"చేప పెట్టేటప్పుడు ముళ్ళు తీసి పెట్టేదానివిగా?"

ఏం చెప్పను?
ముళ్ళకు భయపడి సముద్రాన్నే చూపించలేదని చెప్పనా?
పోనీ, ఆ చేపకు ముల్లు తీస్తే
ఆకారం నిలవదని చెప్పనా?
రెంటిలో ఏది నిజమో నాకే తెలియదు.

ఆదివారం సాయంత్రం ఇద్దరం పార్కుకు వెళ్ళాం.
తాళాలు వేయడం మానేసి చాలా ఏళ్ళయింది.
నాన్న కోటు జేబులో దొరికిన తాళంచెవి
నా జేబులో, దేనికీ పనికిరాకుండా.
ఊనా ఎక్కి కూచుంది.
"అమ్మా, ఊపవూ" అంది.
నా చేతులు జేబుల్లోంచి రాలేదు.
నవ్వొచ్చింది. రాలేదు, అంతే.
దాని కాళ్ళతో అదే ఊగింది.

ఫోను తీశాను.
రోరీ ఉన్నచోట అప్పటికే సోమవారం, రాత్రి ఒంటిగంటన్నర.
మొదటి రింగుకే ఎత్తాడు.
"పడవ నీ వల్ల మునగలేదురా" అన్నాను.
నలభై నాలుగేళ్ళు ఆలస్యంగా.

చాలాసేపు ఏమీ లేదు. గొలుసుల కిర్రుమన్న చప్పుడు
నాకూ వాడికీ వినబడుతోంది.

"తెలుసక్కా" అన్నాడు.
తర్వాత, చిన్నపిల్లాడి గొంతుతో,
"ఇంకోసారి చెప్పు."